పోటు వచ్చేదాకా

మేం నాగాయలంక బస్సెక్కింది పెళ్లయిన మర్నాడే. డెబ్బైల మొదట్లో మాట. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టినప్పుడు మా వెంట మా ఆయన స్నేహితులు ముగ్గురు తప్ప ఇంకెవరూ లేరు. ఆయనది మగ్గం నేసే కుటుంబం. విజయవాడ వన్ టౌన్‌లో టోకు బట్టల కొట్లో గుమస్తాగా చేసేవారు. నేను ఉయ్యూరులో ఒక బడిపంతులు కూతుర్ని. గుణదలలో హాస్టల్లో ఉండి టైపు నేర్చుకుంటున్నాను. మాది ప్రార్థన చేయందే అన్నం ముట్టని ఇల్లు. వాళ్లింట్లో వాళ్ల దేవుడికి దణ్ణం పెట్టందే మగ్గానికి పడుగు దారం వేయరు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. కాదనడానికి రెండిళ్లకూ ఇదే చాలింది.

గొడవ చల్లారేదాకా ఎక్కడైనా ఉండాలి. ఆయన కొట్టుకు నాగాయలంక అవతల నీళ్ల మధ్య ఉన్న ఒక దీవి నుంచి ఒకావిడ వచ్చి ముతక చీరలు మూటగట్టుకుపోయి అక్కడ ఇంటింటా అమ్ముకునేది. ఆయన ఆవిణ్ణి పిన్ని అనేవారు. "మా లంకకి రాండి. ఎవరొస్తారు అక్కడికి?" అందట.

బస్సు ఉయ్యూరు మీదుగానే పోవాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు బళ్లు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. చెరకు పాకం వాసన. నేను పుట్టి పెరిగిన వాసన. కొంగు నెత్తిమీదికి లాక్కుని ఒళ్లోకి వంగిపోయాను. అంతలో మా చర్చిలో పాటలు పాడే ఆవిడ బస్సెక్కి మాకు రెండు సీట్ల ముందు కూర్చుంది. చల్లపల్లిలో ఆవిడ దిగేదాకా నేను తలెత్తలేదు. ఆయన నా పక్కన కూర్చుని ఎవరో తెలియనివాడిలా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు.

నాగాయలంకలో నావ ఎక్కాక గాని నాకు ఊపిరాడలేదు. తీరా దీవి కనబడ్డాక మళ్లీ భయమేసింది. చుట్టూ బురద, మడ చెట్లు, మధ్యలో మిట్టమీద తాటాకు గుడిసెలు. కరెంటు లేదు. తాగడానికి ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకోవాలి. పిన్ని తన గుడిసెలో సగం మాకిచ్చింది. పగలంతా మేమిద్దరం రేవు గట్టున కూర్చుని వచ్చే ప్రతి నావనూ చూసేవాళ్లం. కొత్త దంపతులం చేయాల్సిన పని అది కాదు. కానీ వేరే ఏదీ చేయలేకపోయాం. గట్టిగా నవ్వితే ఎవరైనా వింటారేమోనన్నట్టు ఉండేది.

వారం తిరక్కముందే ఒకరోజు పొద్దున్న ఒక నావలో తెల్లబట్టల మనిషి కనబడ్డాడు. చేతిలో గొడుగు. మా ఆయన చటుక్కున లేచి, "పోలీసులేమో. నువ్వు మడల్లోకి పో," అన్నారు.

"పోలీసులు కాదు. మా నాన్న," అన్నాను. ఆ కూర్చునే తీరు నాకు తెలుసు.

"అయితే మరీ పో."

"పోను."

నాన్న బూట్లు చేత్తో పట్టుకుని మోకాలి లోతు బురదలో దిగి వచ్చారు. పంచె అంతా బురద. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి. మా ఆయన వంక చూడలేదు. నా వంకే చూసి, "నాగాయలంక బస్సులో నిన్ను చూశానని చర్చిలో పాడే ఆవిడ చెప్పింది. నాగాయలంక రేవులో అడిగితే చూపించారు. సామాను సర్దుకో," అన్నారు.

"నాన్నా, పెళ్లయిపోయింది."

"నేను అడిగింది అది కాదు."

"నేను రాను."

నాన్న గొంతు పెంచలేదు. పెంచితే ఏడ్చి ఉండేదాన్ని. వెనక్కి తిరిగి గబగబా రేవుకు నడిచారు. అక్కడ నావవాడు నావ తోసే గెడ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తీసేశాయి. నావ బురదలో ఒక పక్కకి ఒరిగి ఉంది.

"కదలదు మాస్టారూ. సాయంత్రం పోటు రావాల," అన్నాడు.

నాన్న గట్టుమీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఎండ ముదిరింది. గుడిసెలోకి రమ్మని పిన్ని పిలిచింది, కదల్లేదు. నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి పక్కన పెట్టాను, ముట్టుకోలేదు. నాన్నకు రక్తపోటు ఉంది. మందు వేళ దాటిపోతోందని నాకు తెలుసు. వెళ్లి బతిమాలితే నేను వస్తున్నాననుకుంటారు. వెళ్లకపోతే ఎండకు పడిపోతారు. గుడిసె వాకిట్లో గుంజ పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన ఎన్నిసార్లు రెండడుగులు వేసి ఆగిపోయారో! ఈ మనిషి కోసం ఆ మనిషిని ఎండలో కూర్చోబెట్టానా అనిపించింది. ఆ ఆలోచన నా మొహంలో ఆయనకు కనబడిందని కూడా తెలుసు.

ఉన్నట్టుండి గొడుగు పక్కకి వాలింది. నేను కేక వేసేలోపే మా ఆయన పరుగెత్తారు. నాన్న పడలేదు, తూలారంతే. మా ఆయన తన భుజం ఆనించి గొడుగు ఎత్తి పట్టుకుని, చెంబు నోటికి అందించారు. "తాగండి మాస్టారూ. తర్వాత తిట్టండి," అన్నారు.

నాన్న తాగారు. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగారు. జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నారు. నీళ్లవైపు చూస్తూ, మొదటిసారి మా ఆయనతో మాట్లాడారు.

"ఈత వచ్చా నీకు?"

"రాదండీ."

"ఈత రానివాడివి, నా కూతుర్ని ఇన్ని నీళ్ల మధ్యకి తీసుకొచ్చావా?"

మా ఆయన గొడుగును ఎండ వైపుకి కాస్త వంచారు. పిన్ని అన్నం, చేపల పులుసు తెచ్చి గట్టుమీదే పెట్టింది. నాన్న కళ్లు మూసుకుని ఎప్పటిలాగే ప్రార్థన చేసుకున్నారు. పైకి చేసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం పెదవులే కదిలాయి. అందులో నా పేరు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. తిన్నారు. మా ఆయన గొడుగు పట్టుకునే ఉన్నారు, చెయ్యి మార్చుకుంటూ.

సాయంత్రం నీళ్లు నురగలతో బురదను కప్పుకుంటూ వచ్చాయి. నావ నిటారయ్యింది. గాలి లేచింది. "పొద్దున వెళ్లరాదూ నాన్నా," అన్నాను. "మీ అమ్మ నిద్రపోదు," అన్నారు. నావ ఎక్కబోతూ ఆగి, "అమ్మకి ఏం చెప్పమంటావు?" అని అడిగారు.

"బాగున్నానని చెప్పండి."

"చూసిందే చెప్తాను," అన్నారు. వెళ్లిపోయారు. నావ అలలమీద లేచి పడుతుంటే, కనబడినంతసేపూ మేమిద్దరం నీళ్ల ఒడ్డునే నిలబడ్డాం.

ఇక ఎవరి నుంచి దాక్కోవాలి? మర్నాటి నావకే మేమూ బయల్దేరాం. గుణదలలో ఒక గది తీసుకున్నాం. ఆయన్ని కొట్టువాళ్లు మళ్లీ పనిలో పెట్టుకున్నారు. ముందు అమ్మ వచ్చింది. నాన్న మా గడప తొక్కింది మా పెద్దమ్మాయి పుట్టాకే. పిల్లను ఎత్తుకుని, మా ఆయన వేసిన కుర్చీలో కూర్చున్నారు.