చివర దిగిన విమానం

పోయిన ఆదివారం పొద్దున వికారాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, పెద్దబాపు ఇక లేరని. తాండూరులో మా పప్పు మిల్లు ఆపేసి అందరం కారెక్కాం. కళ్ళు తుడుచుకుంటూనే తమ్ముడు, "అక్కా, మూడో విమానం ముచ్చట చెప్పవా" అన్నాడు. ఇక వికారాబాద్ చేరేదాకా అదే ముచ్చట.

పెద్దబాపు మా నాన్నకు అన్న. వ్యాపారం చేసే మా ఇంట్లోంచి వైమానిక దళానికి వెళ్ళింది ఆయనొక్కరే. డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ దళానికి నాయకుడు. రిటైరయ్యాక మమ్మల్ని అనంతగిరి గుట్ట ఎక్కించేవారు. తాను ముందు నడుస్తూ, మలుపు వస్తే ఆగి, అందరికంటే వెనకబడ్డ పిల్ల కోసం చూసేవారు.

"ముందుగాల పోయేటోడు ఎనకకు సూస్తుండాలె బిడ్డా. లేకుంటే ఆడు ఒక్కడే పోతున్నట్టు."

గుట్ట మీద కూర్చోగానే మీద పడేవాళ్ళం. "బాంబుల ముచ్చట, పెద్దబాపూ!" బాంబులు వేసిన సంగతి రెండు ముక్కల్లో తేల్చేసేవారు. తిరుగు ప్రయాణం దగ్గరికొచ్చేసరికి ఆయన రెండు చేతులూ విమానాలయ్యేవి.

తెల్లవారుజామున పెద్దబాపు విమానం ముందుండగా మూడు విమానాలు శత్రువుల విమానాశ్రయం మీద బాంబులు వేసి మళ్ళాయి. కింద నుంచి ఫిరంగులు పేలాయి. మూడో విమానానికి దెబ్బ తగిలి ఒక ఇంజను పొగలు కక్కింది. దాన్ని నడుపుతున్న యువకుడికి అదే మొదటి యుద్ధం. "సార్, మీరు పోండ్రి. నాతోని కాదు" అన్నాడు రేడియోలో.

"గప్పుడు నేనేం జేసిన?" అని పెద్దబాపు ఆగేవారు. మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం. "తిప్పిన! గిట్ల!"

రెండో విమానాన్ని ఇంటికి పంపి, తాను మళ్ళీ ఆ ఫిరంగుల మీదికే వెళ్ళారు. అవన్నీ తన వైపు తిరిగేలా ఒక చుట్టు కొట్టి, దెబ్బతిన్న విమానం పక్కకు చేరారు. "కిందికి సూడకు. నా రెక్కను సూడు. మీ అమ్మ ఏం మంచిగ వండుతదో చెప్పు." అమ్మ చేసే జొన్నరొట్టెలు, వంకాయ కూర గురించి చెబుతూ చెబుతూనే అతను సరిహద్దు దాటాడు.

"మరి తర్వాత?"

"అందరం దిగినం. గంతే."

గంతే కాదని దహనం రోజున తెలిసింది. కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి కర్ర ఊతంతో ఒక పెద్దాయన వచ్చారు. మా ముచ్చట విని, "ఆ మూడో విమానం నాదేనమ్మా" అన్నారు.

"నన్ను ముందు దింపిండు తల్లీ. ఆయన ట్యాంకుల ఇంధనం అయిపోవస్తున్నదని నాకు చెప్పనే లేదు. దిగంగనే రెండు ఇంజన్లు బందైనయి. విమానం నడి రన్‌వే మీద నిలబడ్డది."

"అప్పుడేం చేసిన్రు?" అన్నాడు తమ్ముడు, ఇంచుమించు అరుస్తూ.

"విమానాన్ని గుంజే ట్రాక్టర్ వచ్చేదాకా ఎవరాగుతరు బాబూ! ఉరికినం!"

చెబుతూ ఆయన నవ్వుతున్నారు, కళ్ళు కారుతున్నాయి. నాకు ఆ రన్‌వే కనబడింది. పైలట్లు, మెకానిక్కులు, చేతికి పిండితో వచ్చిన వంటవాళ్ళు, అందరూ కేకలు వేస్తూ అంత పెద్ద విమానాన్ని తోసుకొస్తున్నారు. పైన అద్దాల్లోంచి మా పెద్దబాపు, ఎవరైనా చక్రాల కింద పడతారేమోనని, "మెల్లగ! జర మెల్లగ!" అని చేతులూపుతున్నారు.