ఇరవై రెండో ఫోటో

నిన్న హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో, మా నాయన పాత కెమెరా వెనక తలుపు మీద సెక్యూరిటీ ఆయన బొటనవేలు పెట్టగానే నా ప్రాణం పోయినంత పనైంది. అందులో ఇంకా రీలుంది. ఎక్స్‌రే మిషన్‌లో పెడితే బొమ్మలు చెడిపోతాయని, చేత్తోనే చూడమని బతిమాలింది నేనే.

రీలు కెమెరాలు గుర్తున్నాయా మీకు? ముప్పై ఆరు ఫోటోలూ అయ్యేదాకా ఎవరమైనా కడగడానికి ఇచ్చామా? మా నాయన ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కిన విగ్రహాలకు ఫోటోలు తీసేవాడు. ఆయన కెమెరా తోలు కేసు నిండా రాతి దుమ్ము వాసన. చిన్నప్పుడొకసారి, లోపల బొమ్మ పడిందో లేదో చూద్దామని ఈ తలుపే తెరిచాను. "తీయగాకు మ్మే!" అని నాయన కేక వేసేలోపే వెలుతురు పడి రీలంతా పాడైపోయింది.

అయినా కొన్నాళ్లకు కెమెరా నా చేతికే ఇచ్చి, తనను తీయమన్నాడు. అది కొత్త రీలులో ఇరవై రెండో ఫోటో. నంద్యాలకు పంపి కడిగిద్దామంటే, "ఇంకా పద్నాలుగుండాయి, అయిపోనీ" అన్నాడు. ఆ వారమే పోయాడు. ఊళ్లో విగ్రహాలన్నిటినీ ఫోటో తీసిన మనిషిది మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పాత రీళ్లు కడిగేవాళ్లు ఇన్నాళ్లకు ముంబైలో దొరికారు.

నిన్న తలుపు మీద ఆ బొటనవేలు చూడగానే "తీయగాకు!" అని అరిచాను. లైనంతా తిరిగి చూసింది.

"లోపల ఏముందమ్మా?" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"మా నాయన."

ఆయన బొటనవేలు మెల్లగా పక్కకు జరిగింది. పేలుడు మందు ఉందేమోనని పైపైన గుడ్డతో తుడిచి చూసి, కెమెరాను మిషన్‌లోకి పంపకుండా నా చేతిలో పెట్టాడు.