బారుకు నాలుగు కిక్కులు

అనుమానించడానికి నాకెవరూ జీతం ఇవ్వలేదు గానీ, జీతమిచ్చిన పనికంటే ఎక్కువ కాలం చేసింది అదే. మర్రిగూడలో సైన్సు టీచరుగా చేరినప్పుడు, వంకర కాళ్ల పిల్లల్ని చూపించి అమ్మవారి శాపం అన్నవాళ్లతో కొట్లాడాను. పరీక్ష కిట్టు తెప్పించి, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను వాళ్ల కళ్ల ముందే చూపించాను. ఆ తర్వాత ఒక ఊళ్లో బాణామతి చేసిందంటూ ఒక ఆడమనిషిని స్తంభానికి కట్టేస్తే పోయి అడ్డం నిలబడ్డాను. ఆమె ఏం చేసిందో చూసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. అందరూ విన్నవాళ్లే. అప్పటినుంచి నా నోటుబుక్కులో ప్రతి పేజీ నడుమ ఒక గీత ఉంటుంది. ఎడమ పక్క 'చూసింది', కుడి పక్క 'విన్నది'. ఎక్కడ సభ పెట్టినా నేను మొదట చెప్పేది ఆ గీత గురించే. విన్నదాన్ని ఎడమ పక్కకు తెచ్చిన రోజున ఎవరో ఒక ఆడదాని వీపు పగులుతుంది.

ఆ గీతను నేనే దాటిన సంగతి ఇది.

నా తమ్ముడికి ఆలేరులో మోటరు వైండింగు షాపు ఉంది. ముందు షాపు, వెనక ఇల్లు. కాలిపోయిన బోరు మోటర్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. మోటరు విప్పకముందే శబ్దం విని రోగం చెప్పగలడు. ఆ విద్య అతని బిడ్డకు, అంటే నా మేనకోడలికి, మరో దారిలో వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊరూరా డీజే బండ్లు పెరిగాయి. పెళ్లి బరాత్‌ల కోసం జానపదాలకు దరువు కలిపి ఇమ్మని పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవారు. అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంజనీరింగ్ అయ్యేసరికి పాటల్లో మాటలు తీసేసింది. ఇంటి నుంచే చేసే ఉద్యోగం దొరికాక రాగాలు కూడా తీసేసింది. చివరికి దరువొక్కటే మిగిలింది.

"ఇదేం పాట బిడ్డా?" అన్నాను ఒకసారి విని.

"పాట కాదత్తమ్మా, టెక్నో. మాటలుండయి. మోటరు నడిచినట్టు నడుస్తది."

"గా సప్పుడు నా షాపుల దినాం వస్తది. దానికి కంప్యూటరెందుకే?" అన్నాడు తమ్ముడు.

నాకు నవ్వు రాలేదు. ఆమె తన ఫోన్‌లో చూపించిన వీడియో నన్ను నవ్వనివ్వలేదు. ఎక్కడో విదేశంలో పెద్ద హాలు, కళ్లు మూసుకుని ఊగుతున్న వందలమంది. జాతరల్లో శిగమూగడం, అంటే పూనకంతో ఊగిపోవడం, నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. డప్పు వేగం పెరుగుతుంది, కళ్లు తేలేస్తారు, అంతలో ముందు నిలబడ్డవాడు అమ్మవారి పేరు చెప్పి కోడిని అడుగుతాడు. జనం ఒళ్లు మరిచిన ప్రతి చోటా, ఒళ్లు మరవనివాడు ఒకడు లాభం చూసుకుంటూ ఉంటాడు. నా అనుభవంలో దీనికి మినహాయింపు లేదు.

"ఇక్కడ కోడిని అడిగేదెవరు?" అన్నాను.

"ఎవ్వరడగరత్తమ్మా. ఊకె ఎగురుతరు."

నమ్మలేదు.

కరోనా పోయాక హైదరాబాదులో ఒక క్లబ్బు నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం, మొదటి గంట కొత్తవాళ్లది. జనం ముందు ఆమె వాయించబోయేది అదే మొదటిసారి. మర్నాడు సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పాలి. తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వొచ్చి జర సూడు. నువ్వు సరే అంటె సరే." ఆ పిల్లను ఇంజనీరింగ్‌కు పంపడానికి అతనితో పోట్లాడి గెలిచింది నేనే. అప్పటినుంచి ఆమె విషయంలో నా మాటే ఆఖరు మాట.

పొద్దున్నే నల్లగొండ నుంచి బయలుదేరి ఆలేరు చేరాను. ఇంటి గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే లోపల గది నుంచి ఆమె గొంతు వినబడింది. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది.

"కిక్ సరిపోతలేదన్నా, మస్తు పల్చగున్నది. బారుకు నాలుగు కిక్కులు పడాలె, ఒక్కటి తక్కువైనా జనం ఆగిపోతరు. మొదలు తక్కువ ఇద్దాం. అర్ధగంటయినంక గట్టిది ఇద్దాం. అప్పటికి ఎవ్వరు సోయిల ఉండరు."

తలుపు తట్టలేదు. చెప్పులు మళ్లీ తొడుక్కుని ముందుకు, షాపులోకి నడిచాను.

"తమ్మీ, పంపొద్దు."

"ఏమైందక్కా?"

"బారులు, తాగుడు, సోయి తప్పిచ్చుడు. నా చెవులార విన్న."

'విన్న' అని నా నోటితో నేనే అన్నాను. అయినా గీత గుర్తు రాలేదు. మా తమ్ముడు చేతిలోని తీగ చుట్ట కింద పెట్టి, క్లబ్బువాళ్ల నంబరుకు అక్కడికక్కడే ఫోన్ కలిపాడు. "మా బిడ్డ రాదు. ఇంకోసారి ఫోన్ చేసిండ్రంటె మంచిగుండదు." ఇంకా రెండు మాటలన్నాడు, అవి ఇక్కడ రాయను.

ఆ కేకలకు ఆమె మెడలో ఇయర్‌ఫోన్లతో బయటికి వచ్చింది.

"బాపూ, ఎవరిని తిడుతున్నవ్?"

"నీ బారోళ్లను."

"ఏం బారు?"

తమ్ముడు నా వైపు చూశాడు. "బారుకు నాలుగు కిక్కులు అని నువ్వే అన్నవ్ బిడ్డా," అన్నాను.

ఆమె మొదట నవ్వింది. తండ్రి చేతిలో ఫోన్ చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"అత్తమ్మా, నువ్వేం చూసినవ్?"

ఇద్దరినీ లోపలికి తీసుకుపోయి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెరమీద వరసగా పదహారు గళ్లు. వాటిలో నాలుగింటికే రంగుంది.

"గీ వరస మొత్తం ఒక బారు. తాళంల ఒక సుట్టు అనుకో. రంగున్నయి కిక్కులు. డోలు దెబ్బ అన్నట్టు. మొదలు మెల్లగ, అర్ధగంటయినంక గట్టిగ."

మీట నొక్కింది. ధమ్, ధమ్, ధమ్, ధమ్. దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకు తగిలింది. దాని మీద మరో శబ్దం ఎక్కించింది, ఇనుము ఇనుమును గీకినట్టు.

తమ్ముడు తల వంచి విన్నాడు. "ఎవరిదే గీ మోటరు? బేరింగ్ పోయింది."

"మన షాపులదే బాపూ. నువ్వు టెస్టు పెట్టినప్పుడు ఫోన్‌ల ఎక్కించుకున్న."

"గిట్లనే ఇంకో దినం నడిస్తె కాలిపోతది," అన్నాడు దిగులుగా. అది రికార్డని మరిచిపోయాడు.

"మరి సోయి తప్పుడేంది?" అన్నాను. నేను అంత తేలిగ్గా ఓడేదాన్ని కాదు.

"ఎగిరేటోళ్లకు సోయి ఉండది అత్తమ్మా. వాయించేదానికి ఉండాలె. నేను లెక్క తప్పితె అందరు ఆగుతరు."

జాతరలో కోడిని అడిగేవాడికీ సోయి బాగానే ఉంటుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ రోజు ఆ మాట అనే హక్కు నాకు లేదు.

"తమ్మీ, మళ్ల ఫోన్ కలుపు."

"ఇప్పుడే తిట్టిన గదక్కా!"

ఫోన్ నేనే తీసుకున్నాను. బాణామతి నేరం మోపినవాళ్లను ఊరందరి ముందు నిలబెట్టి 'తప్పయింది' అనిపించినదాన్ని నేను. ఆ ఒక్క మాటకు నోరు ఎంత ఎండిపోతుందో అప్పటిదాకా తెలియదు. "ఆమె మేనత్తను మాట్లాడుతున్నా. తప్పు నాది. విని నమ్మాను, చూడలేదు," అన్నాను.

అవతల కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. "పర్వాలేదాంటీ. కానీ ఆ గంట ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేసినం. మళ్ల ఏదన్న ఉంటె చూద్దాం."

నేను చెప్పక్కర్లేకపోయింది. మేనకోడలు నా ముఖంలోనే చదువుకుంది. మెడలోని ఇయర్‌ఫోన్ల తీగ తీసి, తండ్రి రాగి తీగ చుట్టినట్టే, ఒక్కో చుట్టూ సరిచేస్తూ చుట్టింది. ఆ పూట మాకు అన్నం వడ్డించి, తన పళ్లెం గదిలోకి తీసుకుపోయింది. మా తమ్ముడు తినేంతసేపు పళ్లెంలోకే చూశాడు.

కొన్ని నెలల తర్వాత ఆమే ఫోన్ చేసింది.

"అత్తమ్మా, ఆదివారం హైదరాబాద్ పోతున్న. మళ్ల పిలిచిండ్రు. ఈసారి అడుగుతలేను, చెప్తున్న."

నా ఆఖరు మాట అట్లా పోయింది. పోవలసిందే.

"మంచిది. నేనూ వస్త."

"రా. కాని అక్కడ బారుంటది."

"నాలుగు కిక్కులదా?"

"కాదత్తమ్మా," అని ఇన్నాళ్లకు నవ్వింది. "నిజం బారే."

ఆదివారం పొద్దున సంచిలో నీళ్ల సీసాతోపాటు నోటుబుక్కు పెట్టుకున్నాను. ఆ నిజం బారు ఇంకా కుడి పక్కనే ఉంది. పోయి చూడాలి.