ఆరున్నొక్కటి

ఇప్పుడు రాసిపెట్టకపోతే కొన్నాళ్లకు నేనే దీన్ని జ్వరంలో వచ్చిన కలగా సర్దేసుకుంటాను. అందుకే రాస్తున్నాను. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, రాజాం గ్రంథాలయంలో వైద్యం పుస్తకాల అరంతా చదివినవాణ్ణి.

చదివింది నా భార్య సత్యవతి కోసం. పాత టీబీ ఆమె ఊపిరితిత్తులను పాడుచేసింది, పైగా షుగరు. ఏటా రెండు మూడుసార్లు న్యుమోనియా తిరగబెట్టేది. కఫం కదలడానికి రోజూ పొద్దున్నే ఆమెను పక్కకు పడుకోబెట్టి, అరచేతిని దొప్పలా వంచి వీపు తట్టేవాణ్ణి.

తట్టే దెబ్బల లెక్క మాత్రం ఆమెది. వాళ్ల నాన్న కళ్లాల్లో వడ్లు కొలిచేవాడు. కొలిచేటప్పుడు ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. ఏడు అనరు, ‘ఆరున్నొక్కటి’ అంటారు. అంకెలకు శకునాలేమిటని నేను కావాలనే ‘ఏడు’ అనేవాణ్ణి.

“ఏడనకు మావా, ఏడుపొస్తాది. అన్ని పుస్తకాలు సదివేవు, వడ్లు కొలవడం రాదు నీకు,” అని దగ్గుతూనే నవ్వేది.

ఆఖరిసారి ఆసుపత్రిలోనూ ‘ఏడు’ అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాడు పోయింది. రెండేళ్లయింది.

మొన్న వానాకాలంలో నాకూ న్యుమోనియా వచ్చింది. నాకూ షుగరుంది. విజయనగరంలో ఆసుపత్రిలో చేర్చారు. ఓ మధ్యాహ్నం కఫం కదలక, గోడవైపు తిరిగి పడుకున్నాను. వీపు మీద దొప్పలాంటి చెయ్యి పడింది. నర్సనుకున్నాను.

“లాభం, రెండు, మూడు…”

ఆరు దగ్గర ఆగింది. చెయ్యి వీపు మీదే ఉంది, ఎదురుచూస్తున్నట్టు.

“ఆరున్నొక్కటి,” అన్నాను.

అప్పుడు పడింది ఆ దెబ్బ. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కఫం ఊడిపడింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

తీవ్రమైన జ్వరంలో మెదడు ఇలాంటివి పుట్టిస్తుందని చదివాను. కానీ పక్క మంచం రోగికి తోడున్న అప్పలనరసమ్మ తెర అవతలి నుంచి అడిగింది: “ఏటి బావూ, మీ ఇంటామె అప్పుడే ఎలిపోనాదా? వడ్లు కొలిసినట్టు లెక్కెడతాదేటి? మద్దిలో నువ్వందుకున్నావు!”

జ్వరం నాకు. ఆమెకు లేదు.

తాను ఎవరినీ పంపలేదని నర్సు రమణి చెప్పింది. ఏ పుస్తకంలోనూ నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ పొద్దున్నే పక్కకు తిరిగి కాసేపు పడుకుంటాను. వీపు మీద ఏ చెయ్యీ పడదు.

విన్నది విన్నట్టు చెప్పిన అప్పలనరసమ్మకు, ఓపిగ్గా చూసుకున్న రమణికి, పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం సూర్యారావు గారికి కృతజ్ఞతలు. నేను సరిగ్గా అనేదాకా ఆగినందుకు, సత్యవతికి.