నిద్ర పట్టాకే తాళం

బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో కారు సీట్లు కుట్టే మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. పని ముగిశాక డ్రైవరు పక్క సీటు వాల్చుకొని పడుకునేవాడు. తనకు నిద్ర పడితేనే బండి అప్పగించేవాడు.

నాన్న పాత కాంటెస్సా కారును ఆయనకే ఇచ్చాను. కొత్త ఫోము, ఎర్ర రెగ్జిన్ వేయించాను, ఏసీ కూడా పెట్టించాను. అమ్మ పోయాక నాన్నకు కంటి మీద కునుకు లేదు. ఇద్దరూ తిరిగిన బండి బాగుపడితే తేరుకుంటాడని నా ఆశ. మేస్త్రేమో కుట్టిన సీటే విప్పి మళ్ళీ కుడుతున్నాడు.

ఒకరోజు నాన్నను వెంటబెట్టుకొని వెళ్ళాను.

"నిద్ర పట్టలేదప్పా, ఇంగా పని ఉండాది," అన్నాడు మేస్త్రి.

నాకు ఒళ్ళు మండింది. "నీకు నిద్ర రాకపోతే సీటుదా తప్పు?"

"గనిలో బండల మీదే నిద్రపోయినోణ్ణి నేను. ఈ మెత్తటి సీట్లో రాలేదంటే తప్పు సీటుదే కదప్పా!"

మేము వాదులాడుకుంటుంటే నాన్న వెళ్ళి అమ్మ ఎప్పుడూ కూర్చునే ఆ డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. కాసేపటికి గురక వినిపించింది.

మేస్త్రి నోటి మీద వేలు పెట్టుకొని, తాళం నా చేతిలో పెట్టాడు.

"ఇంగ తీసుకొని పో అప్పా. గుంతలుండాయి, మెల్లగా పో."