సత్తిబాబు తినని భోజనం

మా ఆవిడ పిల్లల కోసం ఉడికించిన కోడిగుడ్లు వలుస్తుంటే ఆ వాసనకి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది సత్తిబాబు వాసన. తర్వాతి రోజుల్లో టీవీలో పొద్దున్నే వ్యాయామాలు చేయించి, సినిమా హీరోలకి కండలు తెప్పించిన సత్తిబాబు, తొంభైల్లో మండపేట రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. సాయంత్రం వ్యాయామశాలకి వచ్చి మళ్లీ బరువులెత్తేవాడు. నాకు నేర్పిందీ అతనే. పాలూ నెయ్యీ తిని పెరిగిన రైతు కొడుకుని నేను. చేతులు వణికి ఇక చాలంటే, మోచేతుల కింద వేళ్లు పెట్టి, "ఇంకొక్కటండి చినబాబుగారూ, ఒక్కటే" అనేవాడు. ఆ ఒక్కటీ నాలుగయ్యేది.

రాజమండ్రిలో కండల పోటీ. గెలిచినవాడిని హైదరాబాదు తీసుకెళ్లి శిక్షణ ఇస్తామన్నారు. ఇద్దరం పేర్లిచ్చి, ముందురోజే వెళ్లి మా అత్తయ్య ఇంట్లో దిగాం. ఆవిడ చేపల పులుసు, గారెలు, పూతరేకులు వడ్డించి కూర్చుంది. సత్తిబాబు సంచిలోంచి ఉడికిన గుడ్లు తీశాడు.

"ఏం బాబూ, మా వంట పనికిరాదా?"

"అయ్యో, అలా అనకండి అమ్మగారూ. రేపు పోటీ అండి. ఉప్పు తింటే ఒళ్లు నీరు పట్టేస్తుందండి. వద్దండి."

మా వైపు వడ్డించిన విస్తరి ముందు వద్దనడమంటే ఇంటివాళ్లని కొట్టినంత పని. అత్తయ్య మొహం మాడిపోయింది. ఆ మర్యాద నేనైనా దక్కించాలి కదా! నా భోజనం తిన్నాను, అతని వంతూ తిన్నాను. "చాలండి చినబాబుగారూ" అని అతను రెండుసార్లు గొణిగాడు. నేనే వినలేదు.

మర్నాడు వేదిక మీద నా పొట్ట ఎంత బిగించినా లోపలికి పోలేదు. పక్కనుంచి "ఊపిరి వదలకండి" అని సత్తిబాబు గుసగుసలాడుతూనే ఉన్నాడు, తను గెలుస్తూ కూడా. వారంలో హైదరాబాదు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి మా అమ్మే టీవీ పెట్టి "మన సత్తిబాబురా!" అని పిలిచేది. నేను గేదెలకి మేత వెయ్యాలని దొడ్లోకి పోయేవాణ్ణి. ఆ రోజు ఆ భోజనమే లేకపోతేనా అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను.

చాలా ఏళ్ల తర్వాత మండపేటలో జిమ్ము ప్రారంభించడానికి వచ్చాడు. ఊరంతా సత్తిబాబుగారు, సత్తిబాబుగారు అంటూ చుట్టూ మూగింది. నేను పొట్ట కనబడకుండా వెనక నిలబడ్డాను. అతని కళ్లు నన్నే పట్టుకున్నాయి.

"మా చినబాబుగారండి. ఈయన భుజాలు నాకెప్పుడూ రాలేదు. ఆ రోజు మా ఇద్దరి మర్యాదా ఈయనొక్కరే మోశారు. లేకపోతే ఇక్కడ ఈయన ఉండేవారండి" అన్నాడు మైకులో.

జనం చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ నేను చెప్పుకున్న మాటే. అతని నోట వినేసరికి అది నిజం కాదని తెలిసిపోయింది. తెల్లవారకముందే లేచి పరుగెత్తింది అతను, మధ్యాహ్నం దాకా బస్తాలు మోసింది అతను. అయినా ఆ గెలుపులో సగం నాకు తీసి ఇచ్చేశాడు.

అతని పేరు మీద, కారు మీద నా ఏడుపు ఎప్పుడో తగ్గింది. నన్ను చూసి అతను ఒక్కరోజైనా కుళ్లుకోలేదు. అదొక్కటే ఓర్చుకోలేకపోతున్నాను.