మొదటి తెర దాకానే పనిచేసిన కీబోర్డు

పాసయ్యాను. బీఎస్సీ కంప్యూటర్స్, ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పొద్దున రిజల్ట్ చూసినప్పటి నుంచి స్టూల్ మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అందుకే పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. వైవాలో, నువ్వు సొంతంగా పట్టుకున్న ఫాల్ట్ ఒకటి చెప్పమంటే ఈ కేసే చెప్పాను.

నిరుడు వానాకాలం. సత్తుపల్లిలో కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేస్తూ చదువుకుంటున్నాను. దమ్మపేటలో డీటీపీ సెంటర్ నడిపే సువార్తక్క సిస్టమ్ పిడుగు దెబ్బకు పోయింది. మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ కూర్చునే పలక, కాలిపోయింది. పాత మోడల్ దొరక్క కొత్త రకం వేశాను. హార్డ్ డిస్కునూ అందులోని పాత విండోస్‌నూ ముట్టుకోలేదు. తెలుగు డీటీపీ వాళ్లు పాత విండోస్ వదలరు. వాళ్ల ఫాంట్ల సాఫ్ట్‌వేర్ దానిమీదే నడుస్తుంది. ఆ ఫైళ్లు ఇంకెక్కడ తెరిచినా అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి.

షాపులో ఆన్ చేసి బయోస్ చూశాను. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర అది. కీబోర్డు బాగానే పనిచేసింది. పాస్‌వర్డ్ కస్టమర్ది కాబట్టి మేం అక్కడిదాకే చూసి అప్పగిస్తాం.

దమ్మపేటలో బిగించి ఆన్ చేస్తే, బయోస్ తెర మీద కీబోర్డు పనిచేసింది గాని, పాస్‌వర్డ్ అడిగే చోట దాని లైటు ఆరిపోయింది. మౌస్ కింద ఎర్ర వెలుగూ పోయింది.

బెంచీ మీద గూడెం నుంచి వచ్చిన ముత్తయ్య తాత కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఇరవై మూడు కుటుంబాలు పోడు పట్టాల కోసం పెట్టుకునే అర్జీలన్నీ ఆ సిస్టమ్‌లోనే ఉన్నాయి. మూడు గంటలకు గ్రామసభలో ఇవ్వాలి. అప్పటికే పన్నెండు దాటింది. నేను ఒక యూఎస్‌బీ పోర్టులోంచి తీసి ఇంకోదాంట్లో పెడుతున్నాను. మూడు కీబోర్డులు మార్చాను.

"పొక్కలన్నీ అయినయి చెల్లె, ఇగ గోడకున్న ప్లగ్గొక్కటే మిగిలింది" అంది సువార్తక్క.

మా ఓనర్‌కు ఫోన్ చేస్తే, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసెయ్యమన్నాడు. అక్క అడ్డంగా నిలబడింది.

"ఫార్మాట్ గొడితే నా సాఫ్ట్‌వేర్ పోతది. మల్ల ఎక్కించనీకి సీడీ లేదు. వీళ్లకు నేనేం జెప్పాలె?"

అంతసేపూ చూస్తున్న తాత మెల్లగా అడిగాడు. "బిడ్డా, ముందు తెర మీద మంచిగనే పనిజేసె గదా. లోపలికి పొయ్యేకాడ ఎవలు ఆపుతున్రు?"

నా చెయ్యి ఆగింది. బయోస్‌లో పనిచేస్తుందంటే కీబోర్డు, పోర్టు రెండూ బాగున్నట్టే. ఆపుతున్నది విండోసే. కొత్త బోర్డు యూఎస్‌బీని గుర్తుపట్టే డ్రైవర్, అంటే పరిచయం చేసే చిన్న సాఫ్ట్‌వేర్, ఆ పాత విండోస్‌లో లేదు. దాన్ని ఎక్కించాలంటే లోపలికి వెళ్లాలి, వెళ్లాలంటే కీబోర్డు కావాలి.

బోర్డు వెనక గుండ్రటి పీఎస్/2 పోర్టు ఒకటుంది. పాత కీబోర్డులు దానికే పెట్టేవాళ్లు. దానికి యూఎస్‌బీ డ్రైవర్ అక్కర్లేదు. అలాంటి కీబోర్డు కోసం బజారంతా తిరిగితే ఎరువుల షాపులో దొరికింది, మీటల సందుల్లో యూరియా పొడితో సహా. సిస్టమ్ ఆపి, పెట్టి, ఆన్ చేశాను. పాస్‌వర్డ్ తెర దగ్గర లైటు ఆరలేదు.

పెన్‌డ్రైవ్ కూడా యూఎస్‌బీయే కాబట్టి పనికిరాదు. బోర్డు డబ్బాలోని సీడీ వేసి, మౌస్ లేకుండా ట్యాబ్, ఎంటర్ మీటలతోనే డ్రైవర్ ఎక్కించాను. మౌస్ కింద ఎర్రగా వెలిగింది. రెండుంబావుకు చివరి అర్జీ ప్రింటైంది. తాత కాగితాలను కవర్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, వానలోనే ఆటో ఎక్కాడు.

తప్పు నాదే. సిస్టమ్ ఆన్ అయితే పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు కస్టమర్ వచ్చి, తన పాస్‌వర్డ్ తనే కొట్టి, తన పని ఒక్క లైనైనా చేసి చూపించాకే సీపీయూ డబ్బా మూస్తాను. ఏదైనా మొండికేస్తే, ఎక్కడిదాకా పనిచేసింది అని ముందు అడుగుతాను.

ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్లు:

బోనకల్ చిన్నమ్మ.
మధిర కాలేజీ ల్యాబ్ మేడం.
సువార్తక్క.
ముత్తయ్య తాత. ఈ వారం వాళ్ల పోడు కొలుస్తున్నారట. చేన్లో సిగ్నల్ ఉండదు, పొద్దుగూకాక చేయాలి.